కవితల ఫైల్లో నా అర్జీలు

ఈ వేసవి నుంచి మా తెలుగు సంఘం కార్యదర్శికి మూడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు లేదు. పాతికేళ్లు తెలుగు పాఠం చెప్పినవాళ్లకు వార్షికోత్సవంలో శాలువా కప్పడం ఒడిశాలోని మా బరంపురం సంఘం ఆనవాయితీ. నాకు పాతికేళ్లు నిండాయి. పదేళ్ల కిందట అదే వేదిక కోసం నాచేత స్వాగతపద్యం రాయించుకుని ఇంకొకరిచేత చదివించారు. అదీ నేను మర్చిపోలేదు.

నాకు పాతికేళ్లు నిండాయని గుర్తుపెట్టుకున్నవాడు గేట్ బజార్‌లో బట్టల కొట్టున్న నా స్నేహితుడొక్కడే. మొన్న సాయంత్రం లంజిపల్లిలో మా ఇంటికొచ్చి, స్కూటర్ ఎక్కించుకుని ఒక హోటల్ బార్‌కు తీసుకెళ్లాడు. కాక్‌టెయిళ్లలో పాత రకాలే నమ్మదగ్గవని తనకు మార్టినీ, నాకు ఓల్డ్ ఫ్యాషన్డ్ చెప్పాడు. సగం తాగి గ్లాసులు మార్చుకోవాలని ఒప్పందం.

నా గ్లాసులో కమలా తొక్క తేలుతోంది.

"పండు నువ్వు తినీసి తొక్క నాకేయించినావేటి?" అన్నాను.

"తాగు మాస్టారూ. నాకు సూడు, ఉప్పు ఉసిరికాయేసినారు," అని ఆలివ్ నమిలి మొహం చిట్లించాడు.

గ్లాసులు మార్చుకున్నాక గొంతు తగ్గించాడు.

"ఏటంటే, నిన్న మీ కార్యదర్శి శాలువాలకని నా కొట్టుకొచ్చినాడు. నీ అర్జీ నా చేతిలో ఎట్టి, 'కళ్లజోడు మర్చిపోనాను, ఏటి రాసినాడో సూడు' అన్నాడు."

"అయితే?"

"జోడు జేబులోనే ఉందిరా! ఆడికి తెలుగు సదవడం రాదు. సదువంతా ఒడియాలోనే కదా. నువ్వు పద్యాలు రాస్తావని తెలుసు, ఇవీ కవితలే అనుకున్నాడు. మూడూ సావనీరు పుస్తకం కవితల ఫైల్లో ఎట్టీసినాడు."

నవ్వు ఆపుకోలేక అతనికి పొలమారింది. నేను నవ్వలేదు.

"సదివి ఇనిపించినావా?"

"ఇనిపించినాను. 'సూద్దాంలే' అని శాలువాలు కట్టించుకుని ఎల్లిపోనాడు. ఒక ముక్క ఒడియాలో రాసి పడీరా, పనైపోద్ది."

రాయను. తెలుగు చెప్పినందుకు కప్పే శాలువాను ఒడియాలో అడగను. మార్టినీ చివరి చుక్క దాకా తాగి ఆ మాటే అతనితో అన్నాను.

చదవడం రాకపోతే తప్పేమీ లేదు. సాయంత్రాలు మా ఇంటికొస్తే నేనే నేర్పుతాను. కళ్లజోడు జేబులో పెట్టుకుని బుకాయించడమే తప్పు. వార్షికోత్సవం ఈ ఆదివారమే. కార్యదర్శిగారూ, ఇది కవిత కాదు, నా నాలుగో అర్జీ. ఎవరిచేతనైనా చదివించుకోండి. కప్పుతారా, కప్పరా? శనివారంలోగా జవాబు చెప్పండి. తెలుగులో.