నీలం చుక్క పళ్ళేలు

మా పేచ్ ఊళ్ళో ఎటెల్కా చేతికి మంచి పేరుంది. ఎవరి కిటికీలోనైనా మొక్క వాడిపోతే ముందు ఆమెకే కబురు వెళ్తుంది. ఆ చేతికి జీతమిచ్చేది మాత్రం ఒక ప్రయోగశాల. పందొమ్మిదేళ్ళప్పుడు కొమ్లో అనే ఊరి బొగ్గుగనుల నుంచి ఇక్కడికి సీసాలు కడిగే పనికి వచ్చింది. నెలరోజులైనా ఒక్క సీసా కూడా పగలకపోవడం చూసి అప్పటి ముసలి ప్రొఫెసరు ఆమెను కణాలు పెంచే గదిలో పెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఈలోగా ముగ్గురు ప్రొఫెసర్లు మారారు గానీ ఎటెల్కా మారలేదు.

ఆమె పెంచేవి ఎలుక పిల్లల మెదడులోంచి తీసిన మూలకణాలు. ఇంకా ఏదీ కాని పసి కణాలన్నమాట. మెదడులోనే పుట్టే పెప్టైడ్ అనే ఒక చిన్న ప్రోటీన్ ముక్కని మందుగా కొద్దికొద్దిగా అందిస్తే అవి మొదట సంఖ్యలో పెరుగుతాయి. తర్వాత కొన్ని పళ్ళెం అడుగుకి అంటుకుని, సన్నటి పోగులు చాచి, నాడీకణాలుగా మారతాయి. ఎంత ఇస్తే పెరుగుతాయి, ఎంత ఇస్తే మారతాయి అన్నది తేల్చడానికి డాక్టర్ కొర్నేల్ ఎనిమిదేళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటున్నాడు. అతను ఆమెకు పైఅధికారి. పేరుకే అధికారి లెండి. ఆమెను పిన్నీ అంటాడు, ఆమె జున్ను వేసి కాల్చి తెచ్చిన పోగాచా బన్నుల డబ్బా మూత అడక్కుండానే తీస్తాడు.

ఆమె మొగుడు బెర్తలాన్ పింగాణీ కార్ఖానాలో కప్పుల అంచులకు బంగారు గీత గీసేవాడు. ఏడేళ్ళ కిందట అతని కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది. పార్కిన్సన్ జబ్బన్నారు. మెదడులో ఒక రకం నాడీకణాలు చచ్చిపోతున్నాయన్నారు.

"మరి నువ్వు రోజూ తయారుచేసేవి అవేగా, ఎటుష్?" అన్నాడతను ఆస్పత్రి మెట్లు దిగుతూ, ముద్దుపేరు పెట్టి.

కాదని అప్పుడే చెప్పాల్సింది. ఎలుక వేరు, మనిషి వేరు, పళ్ళెం వేరు, తలకాయ వేరని ఆమెకు తెలుసు. అయితే ఏడుపు ఆపుకుంటున్న మనిషికి ఏం చెబుతాం? ఆమె అతని చెయ్యి పట్టుకుని నవ్వింది. ఆ నవ్వే అతనికి మాట ఇచ్చినట్టయింది. అప్పట్నుంచి రోజూ సూప్ ముందు కూర్చుని, "ఏమే, ఇవాళెన్ని?" అనేవాడు. వందకి ఇరవై నాడీకణాలయ్యాయంటే ఒక గరిటె ఎక్కువ తాగేవాడు. పోయిన చలికాలంలో నలభై ఒకటి అని చెప్పిన రోజున వీధి చివరి దాకా కర్ర లేకుండా నడిచాడు. ఇలాంటి మనిషికి తగ్గించి చెప్పడం ఎవరి తరం?

పొరపాటు ఇక్కడే జరిగింది. కణాలను మేపే మనిషికి ఏ పళ్ళెంలో మందుందో తెలియకూడదు. అందుకని కొర్నేల్ మందున్నది ఏదో, లేనిది ఏదో చెప్పకుండా ఒక సీసాకి నీలం చుక్క, ఒకదానికి పసుపు చుక్క పెట్టి ఇచ్చేవాడు; వాటితో మేపే పళ్ళేలకీ అదే రంగు చుక్క. కానీ ముప్పై ఏళ్ళు అదే పని చేసిన కళ్ళకి చుక్కలు అడ్డమా? మూడో రోజుకల్లా నీలం పళ్ళేల్లో సన్నటి పోగులు కనిపించేవి. ఆ పైన ఆమె చేతులు ఊరుకోలేదు. కణాలను వెచ్చగా ఉంచే పెట్టెలో వేడి నిలకడగా ఉండే నడిమి అరలోకి నీలం పళ్ళేలను, పిల్లి పిల్లల్ని తిప్పినట్టు, తెచ్చి పెట్టేది. పసుపువి తలుపు పక్కకి పోయేవి. నీలంలో ఒకటి నీరసిస్తే పారేసి, విడిగా పెంచుతున్న వాటిలోంచి ఆరోగ్యంగా ఉన్నది పెట్టేది. పసుపులో నీరసించినవి అలాగే ఉండేవి. దొంగలెక్క రాయాలని ఆమె ఒక్కనాడూ అనుకోలేదు. అలా అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

సోమవారం పొద్దున కొర్నేల్ కణాల గది గుమ్మంలో నిలబడ్డాడు. డబ్బా వైపు చూడలేదు.

"పిన్నీ, సెగెద్ ఊరి ప్రయోగశాల వాళ్ళు మన ప్రయోగం మళ్ళీ చేశారు."

"నలభై వచ్చిందా బాబూ?"

"పదకొండు. మందు వెయ్యని వాటికి తొమ్మిది."

"ఎవత్తో సరిగ్గా మేపి ఉండదు."

"ముగ్గురు వేరువేరుగా మేపారు." అతను వెచ్చటి పెట్టె తలుపు తెరిచి చూశాడు. "నీరసించిన పళ్ళేలను నువ్వేం చేస్తావు పిన్నీ?"

"ఏముంది, తీసేసి మంచివి పెడతాను."

"ఏ చుక్కవి?"

ఆమె నడిమి అరలోని నీలం చుక్కల వైపు చూసింది.

"నిన్నేమీ అననులే," అన్నాడు కొర్నేల్. "కనిపెట్టుకుని ఉండాల్సినవాణ్ణి నేను. అచ్చయిన వ్యాసం వెనక్కి తీసుకుందాం."

"అయితే ఆ మందు పనిచెయ్యదా?"

"చేస్తుంది, కాస్త. ఎలుక కణానికి, పళ్ళెంలో. మనిషికిస్తే నెత్తురులో కాసిని నిమిషాలు కూడా నిలవదని నీకు తెలీదా?"

తెలుసు. అయినా అతను గట్టిగా అనేసరికి కొత్తగా విన్నట్టయింది. ఎందుకంటే ఇంట్లో బల్ల మీద ఆస్పత్రి కాగితం ఉంది. తలలో సన్నని తీగలు అమర్చి కరెంటుతో వణుకు తగ్గించే ఆపరేషను. పోయిన ఏడాది పిలిస్తే బెర్తలాన్ వద్దన్నాడు, తన పెళ్ళాం కణాలు పెంచుతోందని. ఇప్పుడతనికి మతిమరుపు మొదలైంది. అది ముదిరితే ఆపరేషను చెయ్యలేమని, ఇదే ఆఖరి పిలుపని, శుక్రవారంలోగా ఔనో కాదో రాసి పంపమని ఆస్పత్రి డాక్టరమ్మ చెప్పింది.

సోమవారం చెప్పలేకపోయింది. మంగళవారం, బుధవారం కూడా అంతే. గురువారం గసగసాల నూడుల్స్ చేసి, అతను ఇష్టంగా తింటుంటే చూసి ఊరుకుంది. శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చేసి, నడిమి అర, పారేసిన పళ్ళేలు, సెగెద్ వాళ్ళ పదకొండు, ఒక్కటీ దాచకుండా అన్నీ చెప్పింది. చెబుతున్నంత సేపూ అతను ఆమె మొహాన్నే చూశాడు.

"అంటే నువ్వు బతకాలనుకున్నవి బతికాయి," అన్నాడు.

"కాదు బెర్త్సీ! చచ్చినవి నేను లెక్కలోకి రానివ్వలేదు. అదంతా అబద్ధం. నీకిచ్చేందుకు నా దగ్గర ఏమీ లేదు. ఎప్పుడూ లేదు."

"పిచ్చిదానా, వాళ్ళ చేతిలో పదకొండు, నీ చేతిలో నలభై ఒకటి. గొప్ప మందుదా ఏమిటే? చేతిది."

ఆమె కొర్నేల్‌కి ఫోన్ చేసి రిసీవరు అతని చెవికి ఆనించింది. కొర్నేల్ కూడా అదే చెప్పాడు. బెర్తలాన్ మర్యాదగా విని, "సరే నాయనా, ఉంటా," అని ఇచ్చేశాడు.

"కుర్రాడు హడలిపోయాడు పాపం. నువ్వు ధైర్యం చెప్పు. నీ చేతిలో పెట్టిన ప్రాణాన్ని ఎవడో తలకి బెజ్జం పెట్టేందుకు ఇవ్వమంటే ఎలా ఇస్తానే?"

ఆమె బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. ఆ మాటలన్నీ అతని చెవిలో ఆమె ప్రేమగానే పడ్డాయి. ఏడేళ్ళుగా తనే అంకెలు తినిపించి పెంచిన నమ్మకం ముందు ఇప్పుడు తన మాటే చెల్లలేదు.

బెర్తలాన్ కాగితం ముందుకి లాక్కుని 'వద్దు' అన్నచోట కలం ఆనించాడు. కలం గడి దాటి పక్కకి జారింది. మళ్ళీ ఆనించాడు, మళ్ళీ జారింది. సంతకం ఆపాలని ఎటెల్కా లేచి అతని మణికట్టు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆ పట్టుకి వణుకు నిలిచింది. ఆ ఒక్క క్షణంలోనే అతను తన పేరు పూర్తిగా, తిన్నగా రాసేశాడు.

"చూశావా," అన్నాడు, కాగితం ఆమె వైపు తిప్పి.