ఫిలిప్ ముత్తవ్వ పేరు
విజయవాడలో ఆన్‌లైన్ స్పానిష్ పాఠాలు చెప్పే ఫిలిప్‌కి సొంత బాబాయీ అంకులే, మేనమామా అంకులే, ఇంటి ఓనరూ అంకులే. స్పెయిన్ వాళ్ల చుట్టరికాలు మాత్రం కంఠతా వచ్చు. నలుగురు కూర్చున్న చోట ఆ గొప్ప చూపించుకోకపోతే అతనికి అన్నం అరగదు.

వన్ టౌన్‌లో వినీల ఇంటికి పెళ్లి మాటలకు బయల్దేరుతుంటే ఆ పిల్ల ఫోన్ చేసి మరీ చెప్పింది. "మా నాయనమ్మ ఊఁ అంటే చాలు. కాఫీ తాగి లేచేదాకా నువ్వు నోరు మెదపకు." రెండేళ్ల ప్రేమ. వీళ్లు లూథరన్ చర్చి, వాళ్లు ఆర్సీఎం కాథలిక్కులు అన్న పేచీ కూడా ఎలాగో సర్దుకుంది.

కాఫీ రావడం కాస్త ఆలస్యమైంది. పెద్దమనిషి నోరు ఊరుకుంటుందా!

"మనవాళ్లకి ముత్తవ్వ దాటితే పిలుపే లేదండీ, అమ్మమ్మగారూ. స్పానిష్‌లో ముత్తవ్వ బిసబ్వేలా, ఆవిడ తల్లి తతరబ్వేలా. పెద్దలంటే గౌరవం వాళ్లదండీ!"

వినీల నాయనమ్మ శౌరమ్మ కళ్లజోడు సర్దుకుంది. "అలాగా బాబూ. మరి మీ ముత్తవ్వ పేరేంటి?"

ఆ పేరు ఫిలిప్‌కి తెలీదు. పరువు దక్కాలి కదా, ఉయ్యూరులో ఉన్న పెదనాన్న మరియదాసుకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"మీ ముత్తవ్వ, అంటే మా నాయనమ్మ పేరా? సంపూర్ణమ్మ రా. సొంత చెల్లెలు వెంకటరత్నమ్మని వన్ టౌన్‌లోనే ఇచ్చారు. ఆవిడ ఆర్సీఎంలో కలిసిందని మా నాయనమ్మ చచ్చేదాకా గడప తొక్కలేదు. ఇప్పుడెందుకురా?"

శౌరమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. "వెంకటరత్నమ్మ మా అత్తగారు."

అక్కచెల్లెళ్ల కొడుకులు అన్నదమ్ములు. వాళ్ల కొడుకులూ అన్నదమ్ములే. మరి వాళ్ల పిల్లలు? గదిలో అందరికీ వరస తేలిపోయింది, చుట్టరికాల పండితుడికి తప్ప. అతనికి శౌరమ్మే విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

"స్పానిష్‌లో మేనత్త కూతురైనా, పెదనాన్న కూతురైనా ఒకటే మాటండీ, ప్రీమా!" ఫిలిప్ బతిమాలాడు. పాపం, ఆ పిల్లంటే అతనికి నిజంగానే ప్రాణం.

"అయితే ఆ దేశంలో చూసుకో నాయనా. ఇక్కడ చెల్లెలు చెల్లెలే."

అప్పుడొచ్చింది వినీల, కాఫీ పట్టుకుని. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కప్పు అతని ముందు ఠక్కున పెట్టింది.

"నోరు మూసుకుని కూర్చోమన్నానా లేదా? తాగు, అన్నయ్యా."