రేవతి టాంబరిన్

కరోనా సద్దుమణిగి పెళ్ళిళ్ళు మళ్ళీ మొదలైన ఏడాది అది. నాయుడుపేట బజారులో నాకొక చిన్న వాయిద్యాల అంగడి ఉంది. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో పాఠం. అంతకుముందు చాలా ఏళ్ళు మద్రాసు రికార్డింగు స్టూడియోల్లో పర్కషన్ వాయించాను. పర్కషన్ అంటే ఆర్కెస్ట్రాలో కొట్టి మోగించేవన్నీ: డ్రమ్ములు, తాళాలు, ట్రయాంగిల్, టాంబరిన్. కీబోర్డులొచ్చి మా వరసలో కుర్చీలు ఒక్కొక్కటే తీసేశాక, ఇంకా చూరు పట్టుకుని వేలాడటం ఎందుకని ఇంటికొచ్చేశాను. నా మాటల్లో చేదు తగిలితే అందుకేనని సర్దుకోండి.

రేవతిది దొరవారిసత్రం అవతల, పులికాట్ ఒడ్డు. తండ్రి సరస్సులో చేపలు పడతాడు. డిగ్రీ అయిపోయిన పిల్ల ఒకరోజు అంగట్లోకొచ్చి, టాంబరిన్ నేర్పమంది. నాకు నవ్వొచ్చింది. పాడటం రానివాళ్ళు ఊరికే నిలబడకుండా చేతిలో పెట్టే వస్తువది అనుకుంటారు జనం.

"దాన్లో నేర్చుకునేదానికి ఏముందమ్మా?" అన్నాను.

"నిన్న మీరు అంగట్లో పెట్టినారే పాట, బయట నిలబడి విన్నా సార్. దాన్ని కొట్టకుండా, ఊపకుండానే మోగిస్తా ఉండారు. అదెట్టో తెలవాల."

నేను నవ్వు ఆపేశాను. ఆమె విన్నది థంబ్ రోల్. చర్మం అంచు వెంట బొటనవేలు నొక్కి నడిపితే, ఆ రాపిడికి చట్రంలోని లోహపు బిళ్ళలు వాటంతటవే సన్నగా వణుకుతాయి. దాన్ని పాటలోంచి ఏరి పట్టుకున్న చెవి నాకు అంతవరకూ తగల్లేదు.

ఇంటి సంగతి కూడా ఆరోజే చెప్పేసింది. "మా నాయన ఒక ఏడాది చూస్తానన్నాడు సార్. దీంట్లో పని దొరికితే సరే. లేకుంటే రొయ్యల కంపెనీకి పొమ్మన్నాడు. మా యక్క ఆడనే ఉండాది. ఐసులో రొయ్యలు ఒలిచి ఒలిచి, దాని చేతులు చూస్తే నాకు అన్నం దిగదు."

ముందు వాయిద్యం ఎంచుకోవాలి. కొనడానికొచ్చేవాళ్ళు పట్టుకోగానే ఝల్లుమని ఊపుతారు. ఎక్కువ మోగిందే మంచిదనుకుంటారు. అది తప్పు. బల్ల మీంచి చప్పుడు కాకుండా ఎత్తగలగాలి. కొంచెం వాల్చి పట్టుకుని ఒక్క దెబ్బ వేస్తే, దెబ్బతో పాటే మోత ఆగాలి. రేవతి నా దగ్గరున్నవన్నీ అలా ఎత్తి దించి, చివరికి మేకతోలుది పట్టుకుంది.

"ప్లాస్టిక్‌ది తీసుకో. తోలు మీ ఊరి గాలికి తడి పీల్చి సాగిపోతుంది," అన్నాను.

"మా ఊళ్ళో తడి పీల్చంది ఏముంది సార్? పొయ్యి పక్కన పెట్టుకుంటాలే."

దాన్లో ఒక బిళ్ళ పగిలి ఉంది. నా పాత టాంబరిన్‌లోంచి ఒకటి తీసి బిగించాను. అది మిగతావాటికంటే కాస్త మందం. అందువల్ల ప్రతి దెబ్బ చివరా, అన్నీ ఆగాక అదొక్కటి చిన్నగా గొణుగుతుంది. మార్చేద్దామంటే, "ఉండనీ సార్, బాగుండాది" అంది.

ఆ ఏడాదంతా ఆమె పడ్డ పాటు నేను చూశాను. మెల్లగా వాయించాలంటే అంచు మీద వేళ్ళ కొసలు. వేగంగా, గట్టిగా కావాలంటే కాలు కుర్చీ మీద పెట్టి, టాంబరిన్ బోర్లించి, మోకాలికీ పిడికిలికీ మధ్య కొట్టాలి. మోకాలు కమిలిపోయేది. థంబ్ రోల్‌కి వేలు జారకుండా అంచుకి మైనం రాయమన్నాను. ఒకరోజు అది పట్టు చాలడం లేదని, తండ్రి పడవకు పూసే గుగ్గిలం పొడిచేసి దాన్లో కలుపుకొచ్చింది. మైనం ఒక్కటే రాసినప్పుడు మధ్యలో తెగే రోల్, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే దారంలా సాగింది. నేను లేచి నిలబడ్డాను. స్టూడియోలో అన్నేళ్ళు పనిచేసినా నా రోల్ ఎన్నడూ అంత నున్నగా రాలేదు.

గడువు దగ్గరపడే వేళకి మద్రాసు స్టూడియో నుంచి పిలుపొచ్చింది. వాద్యకారుల్ని కుదిర్చే పాత ఏజెంటు ఒకడికి ఆమె వాయింపు వినిపించి ఉన్నాను. ఇద్దరం రైలెక్కి వెళ్ళాం. నన్ను బయట కూర్చోబెట్టి ఆమెను లోపలికి తీసుకెళ్ళారు. సాయంత్రానికి చెమటలు కక్కుతూ, మొహం వెలిగిపోతూ బయటికొచ్చింది.

"ఏం పాట?" అన్నాను తిరుగు రైల్లో.

"పాట లేదు సార్. ఒక్కో దెబ్బ విడిగా వాయించమన్నారు. మెల్లగా, ఇంకొంచెం గట్టిగా, బాగా గట్టిగా. రోల్ పొట్టిది, పొడుగుది. అన్నీ ఒకే మాదిరి వస్తా ఉంటే మెచ్చుకున్నారు సార్! సంతకం పెట్టించుకుని కవరిచ్చినారు. మళ్ళీ పిలుస్తామన్నారు."

అదేమిటో నాకు తెలుసు. దాన్ని శాంప్లింగ్ అంటారు. ఒక్కో శబ్దాన్ని విడివిడిగా పట్టి కంప్యూటర్లో దాచి, కీబోర్డు మీట నొక్కితే పలికేలా చేసి, అడిగిన ట్రూపులన్నిటికీ అమ్ముతారు.

"మళ్ళీ ఎందుకు పిలుస్తారు రేవతీ? నీ చెయ్యి వాళ్ళ దగ్గరే పెట్టుకున్నారు గదా. ఇంక నీతో పనేముంది?"

ఆమె మొహం మాడిపోయింది. "మీకు అన్నిట్లో చెడే కనబడతాది సార్. మిమ్మల్ని పిలవలేదని నాకూ రాకూడదా?"

కవరు సంచిలో పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఆమె మాటే నిజమై, నా నోరు మూతపడితే బాగుండునని దేవుడికి దండం పెట్టుకున్నాను.

పిలుపు రాలేదు. ఏజెంటు ఫోనెత్తడం మానేశాడు. చివరికి రేవతి మా ఊళ్ళోనే పెళ్ళిళ్ళలో పాడే ట్రూపు దగ్గరికి వెళ్ళింది. "టాంబరిన్ మా కీబోర్డులోనే ఉండాది పాపా. దానికి వేరే మనిషెందుకు?" అన్నాడట ట్రూపాయన. మరుసటి వారం రేవతి రొయ్యల కంపెనీ బస్సెక్కింది.

ఆ తరువాత ఆమెను ఒక పెళ్ళిలో చూశాను. పెళ్ళికూతురు కంపెనీలో ఆమె పక్కన పనిచేసే పిల్ల. బంతిలో నా ఎదురుగా కూర్చుంది. ఐసు నీళ్ళకి వేళ్ళు ఉబ్బి, కొసలు పగిలి ఉన్నాయి. ఆ బొటనవేలు ఇంక ఏ తోలు మీదా నడవదని చూడగానే తెలిసింది. వేదిక మీద అదే ట్రూపు పాడుతోంది. పాట మధ్యలో టాంబరిన్ మోగింది. దెబ్బ ఆగింది. ఆగాక, చివర, ఒక బిళ్ళ గొణిగింది.

రేవతి చెయ్యి విస్తరి మీద ఆగిపోయింది.

"సార్, అది నాదే గదా?"

నేను తలూపాను. ఆమె ఎంగిలిచేత్తోనే లేచి వేదిక దగ్గరికి పోయింది. వెనకే నేనూ పోయాను. పాట అయ్యేదాకా ఆగి, కీబోర్డు కుర్రాణ్ణి అడిగింది.

"తమ్ముడా, ఆ టాంబరిన్ ఇంకోసారి వినిపిస్తావా? ఊపకుండా మోగే రోల్ ఉంటాది, అది."

అతను ఒక మీట నొక్కిపట్టాడు. ఒకే దారంలా సాగింది.

"బాగుండాదే. ఎవురు వాయించినారు?"

"ఎవురూ వాయించరక్కా. కంప్యూటర్లో తయారుచేస్తారు," అన్నాడు. మంచిగానే చెప్పాడు పాపం, వాడికేం తెలుసు?

నేను నోరు తెరవబోయాను. రేవతి నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. "అవున్లే తమ్ముడా," అంది. "ఎవురూ వాయించలా."

చెయ్యి కడుక్కుని కంపెనీ పిల్లలతో వెళ్ళిపోయింది. ఆ వారంలోనే ఆమె తండ్రి టాంబరిన్ తెచ్చి అంగట్లో పెట్టి, ఎవరైనా అడిగితే ఇచ్చేయమన్నాడు. ఒకరిద్దరు అడిగారు. చర్మం బాగాలేదని అబద్ధం చెప్పాను.

మా వృత్తిలో చెయ్యి కుదరకపోతే పని దొరకదని ఇన్నాళ్ళూ పిల్లలకు చెప్పేవాణ్ణి. రేవతికి చెయ్యి కుదిరినందుకే పని లేకుండా పోయింది. నాలాగా కాస్త తేడాగా దెబ్బలు పడి ఉంటే, ఆ స్టూడియోవాళ్ళు ఆమెను గుమ్మంలోంచే పంపించేసేవాళ్ళు. ఇప్పుడు పాఠానికొచ్చే పిల్లలకు ముందే చెబుతున్నాను: పాట లేకుండా ఒక్కో దెబ్బ విడిగా వాయించమని ఎవరైనా అడిగితే, వాయిద్యం సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేయండి అని. పిల్లలు ఏమీ అర్థం కాక మొహాలు చూసుకుంటారు. పెళ్ళిళ్ళ కాలంలో సాయంత్రమైతే బజారు చివర కల్యాణమండపం మైకులోంచి ఆ బిళ్ళ గొణుగుతుంది. నేను లేచి అంగడి తలుపు వేసుకుంటాను.