కారు కింద అట్ట

సింగపూర్‌లోని యీషున్‌లో మా బ్లాక్ కార్‌పార్కులో ఒక తెలుగు అంకుల్ ప్రతి ఆదివారం తన పాత స్పోర్ట్స్ కారు తుడుస్తూ కనిపించేవారు. డెబ్బై దాటిన మనిషి.

"ఇంకో పదేళ్లు ఓపిక పడితే ఇది క్లాసిక్ అవుతుందోయ్. ఇప్పటికీ చుక్క ఆయిల్ కారదు," అనేవారు. మాట నాతో, చెయ్యి మాత్రం బానెట్ మీద.

నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు. కారు కింద పరిచిన అట్ట వారం వారం కొత్తగా ఉండేది.

ఒకరోజు, "తెలుగువాడివి కదా, నీకైతే అమ్మేస్తాను," అన్నారు. నా అనుమానం ముదిరింది.

"క్లాసిక్ అయ్యేదాకా మీరే ఉంచుకోవచ్చుగా అంకుల్?"

ఆయన మెల్లగా వంగి, అట్ట బయటికి లాగి నాకు చూపించారు. మధ్యలో అరచెయ్యంత నల్లటి మరక.

"ఇది ఇవాళ పొద్దున వేసిందే," అన్నారు.