గొంతు వచ్చేదాకా కూర్చోమన్నాను

2010 వానాకాలంలో ఒక మధ్యాహ్నం అశోక్‌నగర్‌లో మా కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు పాలిటీ చెబుతున్నాను. రెండో గంట సగమయ్యేసరికి నా మాట ముక్కులోంచి రావడం మొదలైంది. నేనెవరినో అనుకరిస్తున్నాననుకుని పిల్లలు నవ్వారు. నేనూ నవ్వబోయాను, పెదవులు కదల్లేదు. అప్పుడు భయం వేసింది.

మర్నాడు పొద్దున గొంతు మామూలుగానే ఉంది. ఈ జబ్బు నన్ను ఏడిపించింది అక్కడే. పొద్దున అన్నీ బాగుంటాయి, పొద్దెక్కే కొద్దీ ఒక్కొక్కటే చేతులెత్తేస్తాయి. డాక్టరు దగ్గరికి పొద్దున్నే వెళ్తాను కదా, ఆయనకు ఏమీ కనిపించదు. ఈఎన్‌టీ డాక్టరు "వోకల్ కార్డ్స్ స్ట్రెయిన్, వాయిస్ రెస్ట్ ఇవ్వండి" అన్నాడు. నారాయణగూడ చౌరస్తాలో ఒకే బస్సు రెండు బస్సులుగా కనిపించి, దేన్ని తప్పించుకోవాలో తెలియక నడిరోడ్డు మీద నిలబడిపోయాను. కంటి డాక్టరు అద్దాలు మార్చాడు. జొన్నరొట్టె సగం నమిలేసరికి దవడ పడిపోయేది, చేత్తో పట్టుకుని నమలాల్సి వచ్చేది. పళ్ల డాక్టరు పళ్లన్నీ గట్టిగా ఉన్నాయని మెచ్చుకున్నాడు. ఇంకొకాయన "ఇంట్లో ఏమైనా గొడవలా అమ్మా?" అని అడిగి నిద్రమాత్రలు రాశాడు. ఒళ్లు మండిపోయింది. ఆ మాత్రలు కొనను కూడా కొనలేదు.

ఇలా ఆర్నెల్లు తిరిగాక ఒక పెద్దాసుపత్రిలో న్యూరాలజిస్టు సాయంత్రం పూట చూశాడు. అప్పటికి నా ఎడమ కనురెప్ప సగం వాలిపోయి ఉంది. ఆయన గ్లోవ్‌లో ఐసు ముక్కలు వేసి ఆ రెప్ప మీద రెండు నిమిషాలు పెట్టించి తీయించాడు. రెప్ప లేచింది. పక్కనున్న మా ఆయన ప్రభాకర్ నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత నరానికి కరెంటు పెట్టి చూసే ఆర్‌ఎన్‌ఎస్ టెస్టు, యాంటీబాడీ టెస్టు, ఛాతీకి సీటీ స్కాన్ చేశారు. "మయస్థీనియా గ్రేవిస్. నరం పంపిన కబురు కండరానికి సరిగ్గా అందదు. పైగా ఛాతీలో థైమస్ అనే గ్రంథిలో చిన్న గడ్డ ఉంది, తీసేయాలి," అన్నాడు డాక్టరు. జబ్బుకు పేరు దొరికినందుకు నిజంగా సంతోషించాను. ఆర్నెల్లుగా నేను నటించడం లేదని తేలింది కదా.

ఆ రోజే ఆయన ఇంకో మాట అన్నాడు, నాతో కాదు, మా ఆయనతో. "ఈవిడకు టెన్షన్ పెట్టకండి. టెన్షన్ వస్తే వీక్‌నెస్ పెరుగుతుంది." డాక్టరు చెప్పింది సరైనదే. మా ఇంట్లో దాన్ని అమలు చేసిన పద్ధతే మమ్మల్ని ముంచింది.

2011లో ఆపరేషన్ అయింది. ఛాతీ ఎముక కోసి గడ్డ తీశారు. పైరిడోస్టిగ్మిన్ మాత్ర నాలుగు గంటలకొకటి, దానికి తోడు స్టెరాయిడ్. మాత్ర వేసుకున్న ముప్పావు గంటకు గొంతు వచ్చేది, రెండున్నర గంటలు నిలిచేది, తర్వాత మళ్లీ ముక్కుతో గొణుగుడే. ఆ ఏడాది చివర్లో జ్వరం వస్తే దగ్గర్లోని క్లినిక్‌కు వెళ్లి, నా జబ్బు సంగతి చెప్పకుండానే యాంటీబయాటిక్ రాయించుకున్నాను. అది ఈ జబ్బుకు పడని రకమట. రెండో రోజుకు ఊపిరి అందలేదు. ఐసీయూ, వెంటిలేటర్, రక్తంలో ప్లాస్మా మార్చే ప్లాస్మా ఎక్స్ఛేంజ్. పదకొండు రోజులు గొట్టం నోట్లో పెట్టుకుని పడుకున్నాను. జీవితమంతా మాట్లాడి బతికిన మనిషిని, మంచినీళ్లు కావాలని కూడా అడగలేకపోయాను.

ఇంటికొచ్చాక ప్రభాకర్ ముందుగదిలో గోడకు ఒక నల్లబోర్డు కొట్టించాడు. గొంతు లేని పూటల్లో నా మాట అదే. "పప్పులో ఉప్పెక్కువ" అని రాసేదాన్ని. ఆయన చదివి తలూపేవాడు. చేతులు కూడా అలిసిపోతాయి గనక పెద్ద వాక్యాలు రాయలేకపోయేదాన్ని. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను అంత తక్కువ మాటల్లో పోట్లాడింది అప్పుడేనని ఆయన ఇప్పటికీ ఆటపట్టిస్తాడు.

చిక్కడపల్లిలో మాది రెండంతస్తుల పాత ఇల్లు. పైవాటాను ఆడపిల్లల హాస్టల్‌కు కిరాయికి ఇచ్చాం. నా జీతం ఆగిపోయాక మందులకు ఆ కిరాయే ఆధారం. ఆపరేషన్‌కు నేను ఆసుపత్రిలో ఉండగా ఆ హాస్టల్ ఆవిడ ఖాళీ చేసి వెళ్లిపోయింది. ప్రభాకర్‌కు నారాయణగూడలో చిన్న ప్రింటింగ్ ప్రెస్‌లో పని. ఆయన జీతంతో ఇల్లు గడిస్తే మందులు ఆగేవి, మందులు కొంటే ఇల్లు ఆగేది. అయినా "అంతా మంచిగనే నడుస్తుంది, నువ్వు రెస్ట్ తీస్కో" అనేవాడు. నేను నమ్మాను.

2012 ఎండాకాలంలో ఒక పొద్దున గేటు చప్పుడైంది. మున్సిపల్ పన్ను వసూలు చేసే బిల్ కలెక్టర్ యాదగిరి. ఇంటిపన్ను బకాయి ఉందని, ఆఖరి హెచ్చరికగా ఎర్ర నోటీసు కూడా ఇచ్చేశామని చెప్పాడు. మాకు ఏ నోటీసూ రాలేదని గట్టిగా వాదించాను. అప్పుడే మాత్ర పనిచేస్తోంది, గొంతు బాగానే ఉంది. అతను చంకలోని రిజిస్టర్ తెరిచి నా ముందు పెట్టాడు.

"మీ సారు మూడుసార్లు దస్కత్ పెట్టిండు మేడం. ఇగ పైవాటకు సీల్ వడ్తది."

ఆ సంతకం నాకు తెలుసు. నాకు తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన ప్రభాకర్‌ను అడిగాను. ఆయన బీరువా మీది నుంచి పెద్ద సీటీ స్కాన్ కవరు దించాడు. ఫిల్ముల వెనక నోటీసులన్నీ ఉన్నాయి, వచ్చిన వరసలోనే. నేను ఆ కవరు ఎప్పుడూ తెరవనని ఆయనకు తెలుసు, నా ఛాతీ బొమ్మ చూడటం నాకు భయం.

"డాక్టర్ టెన్షన్ వద్దన్నడు గద సరోజా. నువ్వు జర కోలుకున్నంక చెప్దామనుకున్న," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

కోపం ఎంత వచ్చిందంటే, గొంతు ఉండి కూడా బోర్డు దగ్గరికి వెళ్లి రాశాను: "జబ్బు కండరాలకు. బుద్ధికి కాదు." ఆ అక్షరాలను వారం రోజులు చెరపనివ్వలేదు. పిల్లలకు మున్సిపల్ చట్టం పాఠం చెప్పే మనిషిని, నా ఇంటి పన్ను సంగతి నాకే తెలియదు. ఆయన మీద కోపం కంటే ఆ సిగ్గే నన్ను ఎక్కువ తిన్నది.

నోటీసులు వరసగా చదివాను. అసలు తప్పు తెలిసింది. హాస్టల్ ఖాళీ అయిందని మేము ఎవరికీ రాసివ్వలేదు. ఏడాదిగా మనుషులే లేని పైవాటాకు వ్యాపారం రేటున పన్ను పడుతూనే ఉంది, మీద వడ్డీ. సీల్ వేస్తే ఇంకెవరికీ కిరాయికి ఇవ్వలేం. కిరాయి లేకపోతే మందు లేదు. మందు లేకపోతే మళ్లీ వెంటిలేటరే.

మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. అశోక్‌నగర్‌లో పాఠం చెప్పినవాళ్లకు ఏ ఆఫీసులోనైనా ఒక శిష్యుడు దొరుకుతాడని మాలో ఒక ధైర్యం. నాకు ఒక్కడూ దొరకలేదు. లైనులో గంటన్నర నిలబడేసరికి నా మాత్ర గడువు అయిపోయింది. కౌంటర్ ముందుకు చేరేటప్పటికి రెప్ప వాలింది, మాట ముద్దగా వచ్చింది. లోపలున్నాయన నా మొహంలోకి ఒక్కసారి చూసి, ఇంట్లో మగవాళ్లను పంపమన్నాడు. మందు కొట్టి వచ్చాననుకున్నాడని నా వెనకాల ఆయన నవ్విన నవ్వును బట్టి అర్థమైంది. ఆటోలో ఇంటికొచ్చేదాకా ఏడ్చాను. ఏడిస్తే రెప్పలు ఇంకా వాలతాయి, అదొకటి.

ఏడుపు అయ్యాక పని మొదలుపెట్టాను. ప్రతి మాత్ర తర్వాత పది నిమిషాలు, అంతే, దరఖాస్తు రాశాను. మూడు పేజీలకు తొమ్మిది రోజులు పట్టింది. మా న్యూరాలజిస్టును అడిగి జబ్బు పేరుతో ఒక ఉత్తరం తీసుకున్నాను. ఆయనకు విషయమంతా చెబితే పెన్ను పక్కన పెట్టాడు. "టెన్షన్ వద్దంటే విషయం దాచమని కాదమ్మా. తప్పు నాది కూడా, వివరంగా చెప్పాల్సింది," అన్నాడు. మొదటి విడత డబ్బు కోసం ప్రభాకర్ తన స్కూటర్ అమ్మేసి ప్రెస్‌కు నడిచి వెళ్లడం మొదలుపెట్టాడు. నేను వద్దనలేదు.

దరఖాస్తు ఇద్దామనుకున్న రోజుకు ముందే వాళ్లు వచ్చేశారు. టాక్స్ ఇన్‌స్పెక్టర్, యాదగిరి, ఇంకొకతను. అతని చేతిలో తాళం, తెల్లగుడ్డ, లక్క. టైము పదకొండున్నర. పొద్దుటి మాత్ర పని అయిపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. నేను మాట్లాడకపోయేసరికి ఇన్‌స్పెక్టర్ నాకు చెవుడనుకుని ఒక్కో మాటా విడదీసి అరవడం మొదలుపెట్టాడు. అవతలింటి వాళ్లు గోడ మీది నుంచి తొంగి చూశారు.

మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగాను. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశాను.

"చెవుడు కాదు. గొంతు ముప్పావు గంటకు వస్తుంది. వచ్చేదాకా కూర్చోండి."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. తనకు ఇంకా నాలుగిళ్లు ఉన్నాయన్నాడు. నేను కింద ఇంకో ముక్క రాశాను: "నా మాట వినకుండా తాళం వద్దు." యాదగిరి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన నా వాలిన రెప్ప వైపు చూసి, చెప్పులు విప్పి లోపలికొచ్చి సోఫాలో కూర్చున్నాడు.

ఆ ముప్పావు గంట నేను మరిచిపోలేను. ముగ్గురు మగవాళ్లు, టీపాయ్ మీద తాళం, లక్క, ఎదురుగా కుర్చీలో నేను. ప్రభాకర్‌కు ఫోన్‌లో మెసేజ్ పెడితే నారాయణగూడ నుంచి చెమటలు కక్కుకుంటూ వచ్చి చాయ్ పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ రెండోసారి కూడా చాయ్ అడిగాడు. నా రెప్ప కొద్దికొద్దిగా లేవడం ఆయన గమనిస్తూనే ఉన్నాడు. "ఇదేం రోగమమ్మా" అన్నాడు మెల్లగా, ఈసారి అరవకుండా.

గొంతు వచ్చింది. దాన్ని వృథా చేయదలచుకోలేదు.

"పన్ను ఎగ్గొట్టే ఉద్దేశం మాకు లేదండి. హాస్టల్ ఖాళీ అయిందని రాసివ్వకపోవడం మా తప్పు. పైవాటాకు సీల్ వేస్తే కిరాయి రాదు. నా మందూ ఆగుతుంది, మీ పన్నూ ఆగుతుంది. ఈ చెక్కు ఇప్పుడు తీసుకోండి. మిగతాది విడతల మీద కడతాను, ఇకనుంచి ఇల్లు రేటు వేయండి."

"నోటిమాట మీద నేనేం చెయ్యలేనమ్మా. రాసిస్తరా?"

మూడు పేజీల దరఖాస్తు, డాక్టరు ఉత్తరం, చెక్కు ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదివాడు. ఒకచోట ఆగి, సెక్షన్ నంబరు ఎట్లా తెలుసని అడిగాడు. గ్రూప్స్ పిల్లలకు చెబుతానన్నాను. "నేను కోచింగ్ తీస్కోలే, సర్వీస్ మీద పైకొచ్చిన," అని మొదటిసారి నవ్వాడు.

"మీ కాగితం మా పెద్ద సారుకు పెడత. నెల రోజులు ఆగుత. ఒక్క విడత తప్పినా నేనే వచ్చి తాళమేస్త, ఏమనుకోవద్దు."

ఏమీ అనుకోనన్నాను. తాళం వాళ్లతోనే వెళ్లిపోయింది. నేను కుర్చీలో అట్లాగే పడుకుని సాయంత్రం దాకా లేవలేదు.

అంతా సుఖంగా అయిందని చెప్పను. గడిచిన ఏడాది పన్ను తగ్గించలేదు, వడ్డీ కూడా వదల్లేదు. దరఖాస్తు మీద ఆఫీసుకు ఇంకో ఐదుసార్లు తిరిగాను. ప్రతిసారీ ఒక కాగితం మీద నా జబ్బు పేరు, మాత్ర టైము, "మాట ఆగితే రాసి చూపిస్తాను" అని రాసుకుని ముందే కౌంటర్‌లో ఇచ్చేదాన్ని. మగవాళ్లను పంపమన్నాయనే తర్వాత నాకు కుర్చీ వేయించాడు. మధ్యలో స్టెరాయిడ్‌తో షుగర్ వచ్చింది, ఒకసారి మళ్లీ ఆసుపత్రిలో పడ్డాను. ఆ నెల విడత ప్రభాకర్ వెళ్లి కట్టి, రసీదు తెచ్చి నా మంచం మీద పెట్టాడు. ఆఖరి విడత 2013లో తీరింది.

ఇప్పుడు 2014. పైవాటాలో వెనక భాగం ఒక కుటుంబానికి కిరాయికి ఇచ్చాం. అక్కడే ముందుగదిలో నేనే పాఠం చెబుతున్నాను. నల్లబోర్డును పైకి ఎక్కించాం. ఎనిమిదింబావుకు మాత్ర, తొమ్మిదికి క్లాసు. ఆగకుండా చెబితే నలభై నిమిషాలే గొంతు, ఆ తర్వాత సుద్దముక్క. పిల్లలు అలవాటుపడ్డారు. నా మాట ముక్కులోకి జారగానే తమంతట తామే నోటుపుస్తకాలు తెరుస్తారు.

ఇంట్లో జబ్బుమనిషి ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. వచ్చిన ఉత్తరం ఏదైనా ఆ మనిషి మంచం దగ్గరే విప్పండి. దాచిన కాగితం జబ్బును తగ్గించదు, గడువును మాత్రం తినేస్తుంది.

సీటీ స్కాన్ కవరు ఇంకా బీరువా మీదే ఉంది. నిరుడు ధైర్యం చేసి దించి చూశాను, ఫిల్ములు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు పోస్టులో ఏది వచ్చినా ప్రభాకర్ చించకుండా తెచ్చి నా చేతిలో పెడతాడు. నా రెప్పలు వాలిపోయి ఉన్న పూట అయితే పక్కన కూర్చుని, మంచైనా చెడ్డైనా, మొదటి అక్షరం నుంచి ఆఖరి సంతకం దాకా పైకి చదివి వినిపిస్తాడు.