ఊట దగ్గర ఊడ్చిన ఆకులు

బడిలో నాకు అబ్బిన విద్య ఒక్కటే, గది ఊడవడం. ఎక్కం అప్పజెప్పలేనివాడి చేతికి మాస్టారు చీపురు ఇచ్చేవారు. ఏడో తరగతి సగంలో నేను బడి మానేసే నాటికి మా గదులు తళతళలాడుతుండేవి. నా బుర్ర కూడా అంతే శుభ్రం, లోపల ఏమీ ఉండేది కాదు.

ఆ విద్య తర్వాత జీడితోటలో అన్నం పెట్టింది. మా ఉద్దానంలో జీడిపిక్కలు రాలే ముందు చెట్టు కింద గడ్డి చెక్కి, ఎండుటాకులు ఊడ్చి, నేలని అరచేయిలా చేసి పెట్టుకుంటాం. అప్పుడే రాలిన పిక్క కంటికి ఆనుతుంది. చెట్టు కింద ఆకులు కనిపించాయంటే ఆ రైతు బద్ధకం గురించి ఊరంతా చెప్పుకుంటుంది. అందుకని ఆకు కనబడితే చాలు, మా చేతులు ఊరుకోవు.

మా అత్తారిది మందస దాటాక కొండ కింద ఊరు. వాళ్ళ కుళాయిలకి నీళ్ళు కొండమీది ఊట నుంచి గొట్టంలో వాటంతటవే దిగి వస్తాయి. మోటారు పని లేదు, కరెంటు పని లేదు. మా వైపు మంచినీళ్ళంటే డబ్బాతో కొనుక్కునేవి, కిడ్నీలు పాడవుతాయన్న భయంతో ఆలోచించి తాగేవి. అత్తారింటికి నేను మర్యాదల కోసం కాదు, మంచినీళ్ళ కోసం వెళ్తానని మా ఆవిడ అంటుంది. నిజమే మరి, కోడికూర మా ఇంట్లోనూ దొరుకుతుంది.

ఆ ఊళ్ళో ఊటని కాపాడే పని ఇంటింటికీ వంతు. వంతు వచ్చినవాళ్ళు కొండెక్కి ఊటగుంటలో గొట్టం మూతికున్న జల్లెడ తోమాలి, మేకలు దూరకుండా ముళ్ళకంచె సర్దాలి. అక్కడ సబ్బు వాడకూడదు, పుల్ల విరవకూడదు, చెప్పులు కింద బండ దగ్గరే వదిలేయాలి. ఎవరి వంతులో నీళ్ళు మురికైతే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ వంతు వచ్చేదాకా కుళాయి దగ్గర మాటలు పడాల్సిందే. మా మావ వంతులో నీళ్ళు ఏనాడూ రంగు మారలేదు. ఆ ముక్క రోజూ ఎవరో ఒకరి చెవిన వేయకపోతే ఆయనకి అన్నం అరగదు.

మొన్న వేసవిలో పిక్కల పని అయ్యాక నేను వెళ్ళేసరికి మావ మోకాలు వాచి అరుగు మీద కూర్చున్నాడు. వంతు ఆయనదే. నేను వెళ్తానన్నాను. మావ నన్ను కిందనుంచి పైదాకా చూసి, కాసేపు ఆలోచించి, తోడుగా బామ్మర్దినిచ్చి పంపాడు. అత్త కోసం మా ఊరి నుంచి తెచ్చిన కొత్త కొబ్బరి ఈనెల చీపురు జల్లెడ తోమడానికని నేనే చంకలో పెట్టుకున్నాను.

పైన ఎంత చల్లగా ఉందో! బండల కిందనుంచి నీళ్ళు బుడబుడమని వస్తున్నాయి. దోసిలితో తాగితే పళ్ళు జివ్వుమన్నాయి. బామ్మర్ది కంచె సర్దడానికి అవతలి వైపు వెళ్ళాడు. నేను జల్లెడ తోమేసి తలెత్తి చూద్దును కదా, గుంట పైనున్న ఏటవాలు నిండా మోకాలి లోతు ఎండుటాకులు! మా మావ వంతులో ఇంత చెత్తా అనుకున్నాను. చేతిలో చీపురు ఉండనే ఉంది. బామ్మర్ది తిరిగొచ్చేసరికి ఆకులన్నీ కంచె అవతలికి తోసేసి, ఎర్రమట్టి కనబడేలా జీడితోట చేసి పెట్టాను. వాడు నోరు తెరిచేలోగా ఫోటో తీసి మావకి పంపేశాను.

వెంటనే ఫోను మోగింది.

"అల్లుడా, ఆకులేవి?"

"ఊడిసీసినాను మావా. అద్దంలాగుంది."

మావ నెమ్మదిగా అన్నాడు, "కొండవతల మబ్బు సూడు. ఆకుంటే వాన అక్కడే ఇంకుతాది. నువ్వు నేల గీకీసినావు, ఇప్పుడు వానొస్తే మన్నంతా గుంటలోకి దిగుతాది. రేపు ఊరంతా బురద తాగాల. ఎక్కడియి అక్కడెయ్యి నాయినా."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. 'నాయినా' అన్నాడు, అక్కడే నాకు చెమటలు పట్టాయి.

లుంగీ విప్పి మూట చేశాను. నిక్కరుతో నేను, తువ్వాలుతో బామ్మర్ది, కంచె అవతలనుంచి ఆకులు మోసుకొచ్చి పరవడం మొదలుపెట్టాం. పైన ఉరుములు, కింద మా ఆయాసం. ఒక మూటలో తొండ కూడా వచ్చింది. అది నా కాలి మీంచి పరిగెత్తితే నేను వేసిన గెంతుకి బామ్మర్ది కూలబడి నవ్వాడు.

"అడివికి పక్కేత్తన్నావేటి బావా, తలగడ కూడా ఎయ్యి," అన్నాడు.

ఆఖరి మూట దులిపేసరికి చినుకులు దబదబా పడ్డాయి. బండ కింద దూరి, తడిసిన కోళ్ళలా కూర్చుని చూశాం. వాన ఆకుల మీద టపటపలాడుతోంది, కానీ ఎర్రనీళ్ళు కిందికి రావడం లేదు. పడ్డ నీళ్ళు పడ్డట్టే ఆకుల అడుగుకి పోతున్నాయి. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ చలిలో నిక్కరుతోనే చిన్న గెంతు మళ్ళీ వేశాను, ఈసారి తొండ లేకుండానే.

మర్నాడు పొద్దున్నే మావ కుంటుకుంటూ కుళాయి దగ్గరికి వచ్చాడు. బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళందరికీ సంగతి అప్పటికే తెలుసు, బామ్మర్ది నోరు అలాంటిది. కుళాయి తిప్పితే ముందు గాలి వచ్చింది, తర్వాత నీళ్ళు వచ్చాయి. మావ గాజుగ్లాసు నింపి ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. గ్లాసులోంచి ఎదురింటి గోడ మీది పిడకలు కూడా కనిపించాయి. సగం తాగి, మిగతా సగం నాకిచ్చాడు.

ఇంకేం, నాకు గాలెక్కింది. మావ పరువు కాపాడిన అల్లుణ్ణి నేనేనని, వానతో పందెం వేసి గెలిచానని బిందెల వరసంతటికీ చెప్పుకుంటూ వచ్చాను. వరస చివర్న మా ఆవిడ ఉంది. బిందె నడుమున ఎత్తుకుని నావైపు చూసింది.

"ఊడవకూడని కొండమీద ఊడిసీసినావు, ఇంటికాడ వాకిలి ఊడవమంటే నీకు నడుం పట్టీస్తాది. రేపట్నుంచి ఊడవొద్దనే సెప్తాను, అప్పుడు సక్కగా ఊడుత్తావు."