కృష్ణయ్య మూసిన సందులు

పాతబస్తీ జహనుమాలో పాలు పోసే కృష్ణయ్యకు ఈ లోకంలో ఒక్కడే శత్రువు. ఆయన పేరు డానియేలు. కృష్ణయ్యకు ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు కూడా ఆయనే కావడం వల్ల ఈ శత్రుత్వం ఇన్నేళ్ళు చెక్కుచెదరకుండా నిలిచింది.

ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు దగ్గర్లోని చెరువు గట్టు కింద పడవల కార్ఖానాలో పనిచేశారు. షికారు పడవలైనా, చేపల పడవలైనా ఆ రేకుల కప్పు కిందే పుట్టేవి, జబ్బు చేస్తే అక్కడికే తిరిగొచ్చేవి. డానియేలు వడ్రంగి. టేకు పలకలు వంచి, లోపలి కర్రలకు బిగించి, పడవకు ముక్కూ నడుమూ తీర్చేవాడు. కృష్ణయ్య పాలవాళ్ళింటి పిల్లవాడు. కడగడానికి తోలుకొచ్చిన బర్రెలు నీళ్ళలోంచి లేవమని మొండికేస్తే, అవి మనసు మార్చుకునేదాకా కార్ఖానా నీడలో కూర్చుని పని నేర్చుకున్నాడు. బర్రెలు ఎంత ఆలస్యం చేస్తే ఆయన అంత పనిమంతుడయ్యాడు.

ఆయన పని సందులు మూయడం. పలకకూ పలకకూ మధ్య నూలు పోగులు పెట్టి, మొద్దు ఉలితో కొట్టి దట్టించి, పైన గుగ్గిలం, నూనె కలిపి కాచిన లప్పం పూయాలి. నీళ్ళు లోపలికి రాకూడదు.

విశ్వకర్మ ఏ ధ్యాసలో ఉండి పనులు పంచాడోగాని, ఇందులో ఘోరమైన అన్యాయం ఒకటుంది. డానియేలు పని బాగుంటే చూసినవాళ్ళు పడవ ఎంత బాగుందనేవారు. కృష్ణయ్య పని బాగుంటే ఏమీ జరిగేది కాదు. రాని నీళ్ళను చూసి చప్పట్లు కొట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు. చెయ్యి తప్పిన రోజున మాత్రం పడవలో చీర తడిసిన ప్రతి ఇల్లాలూ ఆయన పేరు వివరంగా కనుక్కుని మరీ వెళ్ళేది.

తరువాత ఫైబర్ పడవలొచ్చాయి. వాటికి సందులే లేవు. కార్ఖానాకు తాళం పడింది. కృష్ణయ్య మళ్ళీ బర్రెల దగ్గరికి చేరాడు, డానియేలు తలుపులు చేయడంలో పడ్డాడు. దాంతో తెల్లారి పాలక్యాన్ పట్టుకుని ఏ ఇంటి ముందు నిలబడినా కృష్ణయ్య తట్టాల్సింది డానియేలు చేసిన తలుపునే. అవసరమైన దానికన్నా కొంచెం గట్టిగానే తట్టేవాడు.

నిరుడు ఎవరో సంస్థవాళ్ళు ఆ కార్ఖానాను బాగుచేసి ప్రదర్శనశాల చేస్తామని వచ్చారు. ఆ పని స్రవ్య చేతిలో పెట్టారు. శాలిబండలో బట్టల వ్యాపారం చేసే ఇంటి పిల్ల, పాత కట్టడాల గురించి చదువుకుంది. లోపల మిగిలిన ఒకే ఒక్క చెక్కపడవను దిమ్మెల మీదికి ఎత్తించి, పాత పనివాళ్ళను పిలిపించి జ్ఞాపకాలు చెప్పమంది. డానియేలు రెండు పూటలు చెప్పాడు. కృష్ణయ్య వంతు ఒక చాయ్ తాగినంతసేపట్లో అయిపోయింది. మీ పనిలో చూపించడానికి ఏముంది తాతా అని ఆ పిల్ల మర్యాదగానే అడిగింది. ఆయన నిజాయితీగా ఆలోచించాడు. ఏమీ లేదు. నీళ్ళు రాలే అన్నాడు. దాన్ని అద్దాల పెట్టెలో ఎలా పెట్టాలో ఇద్దరికీ తోచలేదు.

గుమ్మం దగ్గర పెట్టే బోర్డు మీద ‘పడవ పనితనం: డానియేలు’ అని రాశారు. కృష్ణయ్య దాని కింద ‘తదితరులు’లో ఉన్నాడు. ఆయన చదువు తక్కువే అయినా, ఆ మాట లోపల తన పేరు లేదని పోల్చుకోగలిగాడు.

అయినా ఓర్చుకునేవాడేమోగాని, ఇంతలో శాలిబండ బస్టాపులో ఫ్లెక్సీ వెలిసింది. పడవ కడుపులో డానియేలు నిలబడి ఉన్నాడు, పలకల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా ఆయన మీద పడుతోంది. ముందు చూసింది కృష్ణయ్య భార్య ఆండాలు.

“డానియేలన్న మస్తుగ పడ్డడు ఫొటోల. దేవునికి పడ్డట్టు పడ్డది వెలుగు,” అంది అన్నం పెడుతూ.

“ఆ వెలుగు యాడికెళ్లి వస్తుందో ఎరుకనా నీకు? నా సందులకెళ్లి. నా ఇజ్జత్ తీసి ఆయన మీద లైటు కొట్టిండ్రు.”

“మరి నువ్వు గూడ పోయి నిలబడకపోయినవ్?”

ఆయన పప్పులో ఉప్పు ఎక్కువైందన్నాడు.

తప్పు ఎవరిదీ కాదు. ఏళ్ళ తరబడి నీళ్ళు తగలని చెక్క ఎండి కుంచించుకుపోయింది, నూలు రాలిపోయింది. పడవంతా సందులే. కృష్ణయ్య వెళ్ళి, వాటిని మూస్తానని, మూశాక బోర్డు మీద తన పేరు రాయమని అడిగాడు. ఈ ప్రదర్శనకు ప్రాణమే ఆ వెలుగని, దయచేసి ముట్టుకోవద్దని స్రవ్య బతిమాలింది. ఆ పిల్ల మాటలో అబద్ధం లేదు. చూసినవాళ్ళెవరైనా ఆ వెలుగు ముందు కాసేపు ఆగిపోయేవారు.

కృష్ణయ్య పాత ఉలి తీసి తుడిచాడు. స్రవ్య బోర్డులు అచ్చు వేయించే పని మీద తిరుగుతున్న రోజుల్లో, మధ్యాహ్నాలు వాచ్‌మన్ ముందు నుంచే లోపలికి నడిచి వెళ్ళాడు. వాచ్‌మన్ తలెత్తి చూసి, ఎవరూ కాదని మళ్ళీ ఫోన్‌లో మునిగాడు. ఎవరి కంటికీ ఆనకపోవడం ఆయనకు జీవితంలో మొదటిసారి ఉపయోగపడింది. సందు తరువాత సందు మూస్తూ పోయాడు. పడవ చీకటి పడింది.

స్రవ్య వచ్చి పడవలోకి తొంగి చూసింది. ఆమె అడగకముందే ఆయన ముందుకొచ్చాడు.

“నేనే చేసిన బిడ్డా. ఇప్పుడు కనబడుతుంది గదా. రాయుండ్రి పేరు.”

ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటూ డానియేలుకు కబురు పంపింది. ఆయన వచ్చి పడవ చుట్టూ తిరిగాడు, సందు పొడవునా బొటనవేలి గోరు పెట్టి లాగాడు. కృష్ణయ్య ఆ గోరు వెంటే నడిచాడు. ఎన్నేళ్ళ తరువాతో తన పనిని చూసే మనిషి చూస్తున్నాడు.

“తడిపినవా కిష్టయ్యా?” అని మెల్లగా అడిగాడు డానియేలు.

కృష్ణయ్య మొహం మాడిపోయింది. ఎండిన పడవకు ముందు తడిగోనెలు కప్పి రోజుల తరబడి నానబెట్టాలి. చెక్క ఉబ్బాక, మిగిలిన సందులోనే నూలు దట్టించాలి. ఎండు పడవకు దట్టిస్తే, నీళ్ళలో దిగినరోజున పలకలు ఉబ్బడానికి చోటు లేక ఒకదాన్నొకటి తోసుకుని మేకులు ఊడతాయి. ఆ కార్ఖానాలో ఈ తప్పు చేసిన కుర్రాళ్ళను ఆయనే గట్టు దాకా తరిమేవాడు. ఈర్ష్య తొందరలో, తన పనిలోని మొట్టమొదటి పాఠం ఆయనే మరిచాడు.

ఆ పడవ ఇక ఏనాడూ నీళ్ళలో దిగదు. ఆ తప్పు పట్టుకోగల మనిషి పాతబస్తీ మొత్తం మీద ఇంకొకడు లేడు. దురదృష్టవశాత్తు ఆ ఒక్కడే ఎదురుగా ఉన్నాడు.

ఏమంటున్నారని స్రవ్య అడిగింది. డానియేలు నోరు విప్పితే బాగుండునని కృష్ణయ్య కోరుకున్నాడు. అప్పుడు ఒక లొల్లి పెట్టుకోవచ్చు.

“ఏం లేదమ్మా. మా పాత ముచ్చట,” అని డానియేలు బయటికి నడిచాడు.

కృష్ణయ్య కొక్కెం తీసుకుని నూలు పీకడం మొదలుపెట్టాడు. ఒక్కడే కూర్చుని మొత్తం పీకాడు. పొద్దు వాలేసరికి వెలుగు మళ్ళీ లోపలికొచ్చింది. తన ప్రదర్శన కోసం ఒక ముసలాయన తన పనినే త్యాగం చేశాడనుకుని స్రవ్య కళ్ళు తుడుచుకుంది. మర్నాడే బోర్డు మార్పించింది: ‘పలకల నడుమ వెలుగు: కృష్ణయ్య’. బతుకంతా దేన్ని రాకుండా అడ్డుకున్నాడో దానికే ఆయన కర్త అయ్యాడు. వద్దని చెబుదామని రెండడుగులు వేసి, ఆ అక్షరాల నునుపు చూసి ఆగిపోయాడు.

ప్రదర్శనశాల తెరిచిన రోజున జనమంతా వెలుగు కిందే నిలబడ్డారు. ఇంత పొందికగా సందులు ఎలా తీశారని ఆయన్ని అడిగారు. డానియేలు తన పనిముట్ల పెట్టె పక్కన ఒంటరిగా ఉన్నాడు. కాసేపటికి వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని బోర్డు చదివి, అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

“నా పేరు కన్న నీది పెద్దగ రాసిండ్రు గదా కిష్టయ్యా,” అని, జవాబు కోసం ఆగకుండా చాయ్ హోటల్ వైపు వెళ్ళిపోయాడు.

చుట్టూ జనం ఇంకా అడుగుతూనే ఉన్నారు. కృష్ణయ్యకు వాళ్ళ మాటలు ఎక్కలేదు. చెబుతున్న సంగతిని సగంలో వదిలేసి, ధోవతి ఎత్తిపట్టుకుని గబగబా హోటల్‌కు పోయి, డానియేలు ఎదురుగా కూర్చున్నాడు.

“ఇందాక అచ్చరాల గురించి ఏందో అన్నవ్,” అన్నాడు. “మళ్ళొకసారి చెప్పు.”